ఆరో అధ్యాయం: అమ్మమ్మ నిద్ర చెడకుండా

రాత్రి పదకొండు దాటాక మా అక్కావాళ్ళింట్లో వెనక గది తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కి ఉందంటే, లోపల మా మేనల్లుడు పాట రికార్డు చేసుకుంటున్నాడని లెక్క. ఆ గదికీ మా అమ్మ పడుకునే గదికీ మధ్య ఒకటే గోడ. అదీ సన్న గోడ. పెద్దాపురంలో పాత ఇళ్ళని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మధ్యలో లేపిన గోడలు చాలావరకు ఇలాగే ఉంటాయి. అటువైపు దగ్గితే ఇటువైపు నుంచి మంచినీళ్ళు అందుతాయి.

నేను ఇరవై రెండేళ్ళు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాను. మా లెక్క వేరు. ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతర మొదలైందంటే ఊళ్ళో రాత్రుళ్ళకి నిద్రుండదు. వంద గజాల అవతల ఇంకొకరి బాక్సులు మోగుతుంటే, వాళ్ళని మించి మోగినవాడే ఆ రాత్రికి కళాకారుడు. పాడేవాళ్ళు మిక్సర్ దగ్గరున్న కుర్రాడికి చేసే సైగ ఎప్పుడూ ఒకటే: ఎకో పెంచు. అందుకే మొదటిసారి ఆ తలుపు దగ్గర నిలబడి చెవి పెట్టినప్పుడు ఏమీ వినపడక, వీడు పాట మానేసి ఫోన్లో వీడియోలు చూసుకుంటున్నాడనుకున్నాను. తలుపు తోశాను. ఫ్యాన్ ఆపేసి, అంత ఉక్కపోతలో బొంత కప్పుకుని, చెమట్లు కక్కుకుంటూ కూర్చున్నాడు.

"గట్టిగా పాడవేంట్రా?"

"అమ్మమ్మ లేచిపోద్ది మావయ్యా."

ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చేతికిచ్చాడు. విన్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని వందల గొంతుల వెనక వాయించానో లెక్కలేదు గానీ, పాడేవాడు గుటక వేసిన చప్పుడు నాకెప్పుడూ వినపడలేదు. వీడి పాటలో వినపడింది. చరణం ఎత్తుకునే ముందు పెదాలు విడివడిన చప్పుడు కూడా వినపడింది. పక్కన కూర్చుని నాకొక్కడికే ఏదో చెప్పుకుంటున్నట్టుంది. ఆ రాత్రి ఇంటికెళ్ళాక చాలాసేపు నిద్ర పట్టలేదు. కొంత అసూయ కూడా ఉందని ఒప్పుకోవాలి.

ఇంట్లో పాటలు చేసుకోవాలనుకునే పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు లేనివాటి జాబితాతో వస్తారు. స్టూడియో లేదు, మంచి మైకు లేదు, గురువు లేడు, గదికి తలుపు సరిగా పడదు, ఇంట్లోవాళ్ళు గోల. నేను వాళ్ళకి చెప్పేది, ఈ అధ్యాయంలో మీకు చెప్పబోయేది ఒకటే. మీ గది ఏ పాట పాడనిస్తుందో ముందు అది కనిపెట్టండి. గట్టిగా పాడటం కుదరని గదిలో మెల్లగా పాడాలి. మెల్లగా పాడటం చేతకాని గాయకులు లోకంలో బోలెడంతమంది ఉన్నారు, నేను వాళ్ళలో చాలామందికి వాయించాను.

ఈ మెల్లదనానికి మన దగ్గరే పెద్ద చరిత్ర ఉంది. మైకు లేని రోజుల్లో పద్యనాటకం ఆడేవాడు ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా రాగం అందేలా గొంతు విసిరేవాడు. గ్రామఫోన్ రికార్డు కూడా మొదట్లో అంతే. పెద్ద గొట్టం మూతిలోకి అరిచినట్టు పాడితేనే ముల్లు కదిలేది. 1925లో కరెంటు మైకుతో రికార్డు చేయడం మొదలయ్యాక అమెరికాలో బింగ్ క్రాస్బీ లాంటివాళ్ళు మాట్లాడుతున్నట్టు పాడటం పట్టుకున్నారు. మనకి ఆ పని చేసిపెట్టినవి రేడియో, గ్రామఫోన్ కంపెనీలు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక లలిత సంగీతం ఇంటింటికీ వచ్చింది. పిఠాపురం దగ్గరి పల్లెలో పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి రేడియోకి రాసిన గీతాల్ని ఎలుగెత్తి పాడితే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. ఉండవు, విరిగిపోతాయి. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి సినిమాతో సంబంధం లేకుండా ఇచ్చిన రికార్డుల్ని జనం ప్రైవేటు పాటలు అనేవారు. ఘంటసాల 'పుష్పవిలాపం' కూడా ఆ కోవదే. ఇప్పటి కుర్రాళ్ళు ఇండీ పాప్ అని కొత్తగా చెప్పుకుంటున్నది, మా నాన్న తరం సైకిల్ మీద కాకినాడ వెళ్ళి కొనుక్కొచ్చుకున్న సరుకే.

ఇక పడకగది సంగతి.

2015 నవంబరు. లాస్ ఏంజెలెస్‌లో హైలాండ్ పార్క్ అనే పేట. రెండు పడకగదుల చిన్న ఇల్లు. ఫినియాస్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తన బ్యాండు కోసం ఒక పాట కట్టుకున్నాడు. అతని చెల్లెలు బిల్లీ ఐలిష్‌కి అప్పటికి పద్నాలుగు కూడా నిండలేదు. ఆమె డాన్సు టీచరు, నాట్యం కట్టడానికి ఏదైనా పాట ఇవ్వమని అడిగాడు. అన్న తన పాటని చెల్లి చేత పాడించి, గదిలోనే రికార్డు చేసి, టీచరు దించుకోవడానికి వీలుగా సౌండ్‌క్లౌడ్‌లో పెట్టాడు. అదే 'ఓషన్ ఐస్'. పంపింది ఒక్కరికి, విన్నది లోకం. 2019 మార్చిలో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్ కూడా చాలావరకు ఆ గదిలోనే, మంచం మీద కూర్చునే పాడింది. 2020 జనవరిలో గ్రామీ బహుమతుల్లో నాలుగు ప్రధాన బహుమతులూ ఒకే రాత్రి ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లకి వచ్చాయి. అంతకుముందు అలా నాలుగూ ఒక్క రాత్రిలో గెలిచినవాడు 1981లో క్రిస్టఫర్ క్రాస్ ఒక్కడే.

వాళ్ళమ్మ పాటలు రాయడం నేర్పే మనిషి. ఉన్న ఊరు సినిమాల ఊరు. కాబట్టి ఏమీ లేని ఇంట్లోంచి వచ్చారని నేను చెప్పను, అలా చెప్పే పుస్తకాలు నమ్మకండి. నేను చూడమనేది ఆ పాటల్లో గొంతుని. చెవికి ఆనించి చెప్పినట్టుంటుంది. దాని చుట్టూ ఫినియాస్ వాడిన చప్పుళ్ళు చూడండి. పళ్ళ డాక్టరు దగ్గర తిరిగే డ్రిల్లు ఒక పాటలో ఉంది. సిడ్నీలో రోడ్డు దాటేటప్పుడు మోగే సిగ్నల్ 'బ్యాడ్ గై'లో ఉంది. జేబులో ఫోన్ ఉన్నవాడు ఎవడైనా పట్టుకోగల చప్పుళ్ళవి.

మావాడికి ఈ సిగ్నల్ సంగతి చెప్పాక మర్నాడే పట్టు నేసేవాళ్ళ వీధికెళ్ళాడు. పెద్దాపురం పట్టు పేరు మీరు వినే ఉంటారు. ఒక మగ్గం పక్కన ఫోన్ పెట్టి పావుగంట రికార్డు చేసుకొచ్చాడు. నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది, పలక పడుతుంది. దానిలోంచి ఒక్క దెబ్బ కత్తిరించి, కంప్యూటర్ కొలతకి సరిగ్గా అతికించి లయ చేశాడు. చచ్చినట్టుంది. ఎందుకో అర్థం కాక రెండు రోజులు తిట్టుకున్నాడు. చివరికి ఒక్క దెబ్బ బదులు వరసగా ఎనిమిది దెబ్బలు అలాగే ఎత్తి పెట్టాడు. నేసేవాడి చెయ్యి ఒక దెబ్బకి కాస్త తొందరపడుతుంది, ఇంకో దెబ్బకి ఆగుతుంది. పోగు తెగిందేమో అని కంటితో చూసుకునేపాటి ఆలస్యం అది. ఆ ఆలస్యంతో సహా పెట్టాక పాట ఊపిరి పీల్చింది. మా ఆర్కెస్ట్రా రిథమ్ ప్యాడ్ వాయించేవాడికి ఇది వినిపిస్తే, "ఆయ్, తాళం తప్పిందండి" అన్నాడు. తప్పింది నిజమే.

గది కూడా లేనివాడి సంగతేంటి అంటారా? స్టీవ్ లేసీది కాలిఫోర్నియాలో కాంప్టన్ ఊరు. 1998లో పుట్టాడు. చిన్నప్పుడు గిటార్ హీరో అనే వీడియో గేమ్ ఆడి, ఆ బొమ్మ గిటార్ మీద మనసు పడి నిజం గిటార్ పట్టాడు. లాప్‌టాప్ లేదు. చేతిలో ఐఫోన్ ఉంది. ఐరిగ్ అనే చిన్న పరికరంతో గిటార్ని ఫోన్‌కి తగిలించి, గ్యారేజ్‌బ్యాండ్ యాప్‌లో డ్రమ్స్ వేళ్ళతో కొట్టి, పాట ఫోన్ మైకులోకే పాడాడు. 2017లో అలా ఫోన్లో కట్టిన సంగీతమే ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ 'డ్యామ్' ఆల్బమ్‌లో 'ప్రైడ్' పాట అయింది. అదే ఏడాది తన పాటలు ఆరు కలిపి 'స్టీవ్ లేసీస్ డెమో' అని విడుదల చేశాడు. పేరు చూశారా, డెమో! 2022 అక్టోబరుకి 'బ్యాడ్ హ్యాబిట్' అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. అప్పటికి స్టూడియోలకి మారాడు, అది కూడా చెప్పాలి. ఫోన్ మీద ఒట్టేసి ఎవరూ కూర్చోరు. చేతిలో ఉన్నదాంతో మొదలుపెట్టి, కుదిరినప్పుడు మార్చుకుంటారు.

ఇప్పుడు పని.

మీ గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. చప్పట ఆగాక దాని వెనక 'టింగ్'మని తోకలాంటిది వినపడితే అది సిమెంటు గోడలకీ టైల్సుకీ తగిలి తిరిగొచ్చిన శబ్దం. రికార్డింగులో బావిలోంచి పాడినట్టు వినిపించేది ఇదే. పెంకుటింట్లో ఇది తక్కువ, శ్లాబు ఇంట్లో ఎక్కువ. మందు మీ ఇంట్లోనే ఉంది. బట్టలు కుక్కిన బీరువా తలుపులు రెండూ తెరిచి, దాని ముందు కూర్చుని పాడండి. వీపు వెనక గోడకి దూదిపరుపు నిలబెట్టండి. నెత్తిన బొంత. అనపర్తి వైపు కోళ్ళ ఫారాల పుణ్యమా అని మన దగ్గర గుడ్ల అట్టలకి కరువులేదు గానీ వాటిని గోడలకి అంటించకండి. శబ్దాన్ని పీల్చుకునేంత మందం వాటికి లేదు. నిప్పంటుకుంటే మాత్రం గొప్పగా మండుతాయి. ఒక దూదిబొంత చేసే పని అవి చెయ్యలేవు.

మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఫోన్ అయితే, కాల్ మాట్లాడేటప్పుడు గడ్డం దగ్గరుండే చిల్లు ఉంది చూడండి, అదే మైకు. దాన్ని నోటికి సూటిగా పెట్టకుండా కాస్త పక్కకి తిప్పండి. 'ప', 'భ', 'ఫ' అన్నప్పుడు వచ్చే గాలి దెబ్బ తప్పిపోతుంది. కుట్లు అల్లే చట్రానికి పలచటి చున్నీ ముక్క బిగించి మధ్యలో పెడితే ఇంకా మంచిది. జానెడే ఎందుకంటే, మైకుకీ నోటికీ దూరం సగానికి తగ్గితే మీ గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గది గోల మాత్రం ఉన్నంతే ఉంటుంది. మెల్లగా పాడేవాడికి ఇంతకన్నా కావలసిందేముంది? గీత ఎరుపు రంగులోకి వెళ్ళకూడదు. ఎంత గట్టిగా పాడిన చోటైనా మైనస్ పన్నెండుకీ మైనస్ ఆరుకీ మధ్య ఆడితే చాలు. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన శబ్దాన్ని ఎవరూ అతకలేరు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో రికార్డు చేయకండి. తీగ లేని ఇయర్‌ఫోన్‌కి శబ్దం ఆలస్యంగా వస్తుంది, మీరు ఆ ఆలస్యానికి పాడతారు, ట్రాకు ముందుకీ గొంతు వెనక్కీ పోతాయి. చవకైనా తీగదే కొనండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లాప్‌టాప్ అయితే చార్జర్ పీకెయ్యండి, సగం హమ్మింగ్ అక్కడే పోతుంది. ఫ్రిజ్ ఆపాల్సి వస్తే ఆపి, బండి తాళం అందులో పెట్టండి. పొద్దున్న బండి తియ్యాలంటే ఫ్రిజ్ తెరవక తప్పదు, మళ్ళీ వెయ్యడం మర్చిపోరు. సినిమా సౌండు వాళ్ళ చిట్కా ఇది. పాలు విరిగిపోయాక మా అక్కకి నచ్చజెప్పడంకన్నా తేలిక.

ఫ్యాన్ విషయంలో ఒక రాత్రి నేనే పాడుచేశాను. ఉక్క భరించలేక, "ఒకటిలో పెట్టరా, ఏం వినపడుద్ది" అన్నాను. మూడు గంటలు పాడాడు. పొద్దున్న వింటే ప్రతి పంక్తి కిందా సన్నగా బూఁ అని. యాప్‌లో శబ్దం తీసేసే మీట ఉంది కదా అని నొక్కాం. ఫ్యాను పోయింది, దాంతోపాటు గొంతులో తడి కూడా పోయింది. బిందెలో తలపెట్టి మాట్లాడినట్టయింది. రెండో రాత్రి మళ్ళీ మొదటినుంచి. అప్పటినుంచి మా లెక్క ఏమిటంటే రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా పాట. నాలుగున్నరకి ఎక్కడో గుడి మైకు, ఆ వెనకే పాల బండి. కరెంటు పోయిందంటే పండగే, ఊరంతా నిశ్శబ్దం. ఫోన్లో చార్జింగ్ ఉంటే చాలు.

ఒకే పంక్తిని మూడుసార్లు పాడి, ఒకటి మధ్యలో, మిగతా రెండూ సగం తగ్గించి కుడి చెవికొకటి ఎడమ చెవికొకటి పెట్టి చూడండి. సన్న గొంతు కూడా నిండుగా వినపడుతుంది. పాట పూర్తయ్యాక ఖరీదైన హెడ్‌ఫోన్లో వినేసి మురిసిపోకుండా, పెద్దాపురం నుంచి సామర్లకోటకి షేర్ ఆటో ఎక్కండి. డ్రైవరుని బతిమాలి పెట్టించండి. ఇంజన్ చప్పుడులో, వెనక సీటు కింద పగిలిన స్పీకర్లో కూడా మాట అర్థమైతే మిక్సింగ్ కుదిరినట్టే. మొదటి పాటకి మావాడు సామర్లకోట రెండుసార్లు వెళ్ళొచ్చాడు. ఆటోలో ఒక పెద్దావిడ, "ఏదో దెయ్యం గుసగుసలాడినట్టుంది నాయనా" అంది. గొంతు నాలుగు డెసిబెల్స్ పెంచాడు.

గురువు లేకుండా నేర్చుకోవడం అంటే వీడియోలు చూడటం అని ఒక భ్రమ ఉంది. నలభై వీడియోలు చూసినవాడికి నలభై బటన్ల పేర్లు వస్తాయి. నేను నేర్చుకున్న దారి వేరు, అది ఇప్పటికీ పనిచేస్తుంది. మీకు ప్రాణమైన పాట ఒకటి తీసుకుని వారమంతా అదొక్కటే వినండి. కాగితం మీద నిలువుగా సెకన్లు రాసుకోండి. గొంతు ఎన్నో సెకనులో వచ్చింది, బేస్ ఎక్కడ కలిసింది, పల్లవి రెండోసారి వచ్చినప్పుడు కొత్తగా ఏం చేరింది, ఎక్కడ అన్నీ ఆగి గొంతొక్కటే మిగిలింది. ఏడు రోజుల తర్వాత ఆ కాగితం చూస్తే పాట నక్షా కనిపిస్తుంది. అదే నక్షా మీద మీ సొంత పాట కట్టండి. ఇల్లు కట్టేవాడు పక్కింటి ప్లాను చూసి కట్టుకుంటే ఎవరూ దొంగతనం అనరు.

అన్నిటికన్నా కష్టం ముగించడం. మావాడి ఫోన్లో ఒకప్పుడు ముప్ఫై ఒక్క పాటలుండేవి. అన్నీ ముప్పావు నిమిషంవే. పల్లవి దొరకగానే సంబరం, రెండో చరణం దగ్గర బద్ధకం, మర్నాడు కొత్త పల్లవి. ఆర్కెస్ట్రాలో మాకీ జబ్బు రాదు. తారీకు ఖాయమైపోయి, అడ్వాన్సు తినేసి ఉంటాం కాబట్టి ఆ రాత్రికి పాట వచ్చినా రాకపోయినా స్టేజీ ఎక్కాల్సిందే. అందుకని వాడికి ఒక తారీకు పెట్టాను. 2015 జులై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలు విడుదల చేసే రోజు శుక్రవారం. మన సినిమాలకీ అదే రోజు కదా. నెలలో ఆఖరి శుక్రవారానికి ఒక పాట. బాగున్నా, బాగోకపోయినా. పాట పంపిణీ చేసే సంస్థకి ఏడాదికింత అని కట్టి, కనీసం రెండు మూడు వారాల ముందే ఎక్కించాలి. స్పాటిఫై వాళ్ళ పాటల పట్టికల్లో చోటు కోసం అడగాలంటే కనీసం ఏడు రోజుల ముందు అడగాలి. ప్రతి రికార్డింగుకీ ఐఎస్‌ఆర్‌సీ అని అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండున్న కోడు వస్తుంది, ఆధార్ నంబరు లాంటిదన్నమాట. దాన్ని ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

డబ్బు సంగతి దాచను. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వినబడితే తప్ప దానికి పైసా లెక్కగట్టరు. యూట్యూబ్‌లో షార్ట్స్ దారిన కాకుండా మామూలు వీడియోలతో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. మొదటి ఏడాది వచ్చేది మీ ఇయర్‌ఫోన్ ఖర్చుకి సరిపోతే అదృష్టం. ఉద్యోగమో, చదువో, షాపో వదులుకోకండి. ఈ విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది, ఎందుకంటే వదులుకున్నవాళ్ళతో కలిసి నేను వాయించాను.

కాగితాల దగ్గర మాత్రం నేను కాలు జారినవాణ్ణి. క్యాసెట్ల కాలంలో అమ్మవారి పాటలు ఎనిమిది కట్టాను. ఒక కంపెనీ ఆయన వచ్చి, చేతిలో నోట్లు పెట్టి, స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. చదవలేదు. పదేళ్ళ తర్వాత కూడా జాతరలో నా పాట నాకు వినబడేది, క్యాసెట్ మీద నా పేరు కూడా ఉండేది కాదు. అప్పట్లో మాకు చెప్పే దిక్కు లేదు. ఇప్పుడు ఉంది. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ వచ్చే రాయల్టీ వాటాని ఒప్పందం పేరుతో పూర్తిగా రాయించుకోవడం కుదరదు. హక్కులు ఎన్నేళ్ళకి ఇస్తున్నారో కాగితంలో రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగానే లెక్కేస్తుంది. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే తెలిసినవాళ్ళు కాగితంలో 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అనే రెండు మాటలు మర్చిపోకుండా పెడతారు. మీరు ముందు వెతకాల్సినవి ఆ రెండు మాటలే. రాయల్టీలు వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్ అనే సంఘం 1969 నుంచి ఉంది. రెండు మూడు పాటలు బయటికి రాగానే అందులో చేరండి. ఇద్దరు కలిసి పాట చేస్తే, ఎవరికెంత వాటా అన్నది ఆ రాత్రే వాట్సాప్‌లో రాసుకోండి. పాటకి పేరొచ్చాక ఆ మాట ఎత్తితే స్నేహం పోతుంది.

"ఒక్క వీడియో పేలితే చాలదా మావయ్యా?" అని మావాడు అడిగాడు. పేలడం చూసినవాళ్ళమే మనం. మనకి దగ్గరే, రంగంపేట మండలం వడిశలేరు. 2018లో పొలం పనులు చేసుకునే పసల బేబీ గారు ఒక పాత సినిమా పాట పాడుతుంటే ఎవరో ఫోన్లో తీశారు. అది తిరిగి తిరిగి ఆ పాట స్వరకర్త రెహమాన్ దాకా వెళ్ళింది, ఆయన తన పేజీలో పెట్టారు. ఈ జిల్లాలవారే అయిన సంగీత దర్శకుడు రఘు కుంచె ఆమెకంటూ ఒక పాట కట్టి పాడించారు. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమాలో బాలసుబ్రహ్మణ్యం గారి పక్కన ఆమె గొంతు వినపడింది. ఆ గొంతు ఫోన్ దాకా రావడానికి వెనక ఎన్నేళ్ళ కూనిరాగాలున్నాయో ఎవరూ లెక్కగట్టలేదు. చౌరస్తా బ్యాండులో 'ఊరెళ్ళిపోతా మామా' పాడిన రామ్ మిరియాల సంగతి చూడండి. సొంత పాటలు కొన్నేళ్ళు చేసుకుంటూ పోయాకే 2021లో సినిమా పాట 'చిట్టి', ఆ మరుసటేడు టిల్లు పాట. రెండు దారులూ ఉన్నాయి. ఒకటి మన చేతిలో ఉంది, రెండోది లేదు. చేతిలో ఉన్నదానికి తారీకు పెట్టొచ్చు.

1927లో ఇదే పెద్దాపురంలో పుట్టిన నటి అంజలీదేవి కాకినాడ నాటకాల మీదుగా మద్రాసు చేరింది. అప్పట్లో పాటకైనా ఆటకైనా దారి అదే, రైలెక్కాలి. మావాడు ఎక్కిన బండి సామర్లకోట షేర్ ఆటో ఒక్కటే.

వాడి నాలుగో పాటలో రెండో చరణానికీ చివరి పల్లవికీ మధ్య రెండు సెకన్లు ఖాళీ. అంతా ఆగిపోతుంది. రాత్రి రెండింటికి అది రికార్డవుతుండగా, సరిగ్గా ఆ ఖాళీలో, గోడ మీద బల్లి పలికింది. టిక్, టిక్, టిక్. గోడ అవతల నుంచి నిద్రలోనే మా అమ్మ, "కృష్ణా, కృష్ణా" అంది. మేమిద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నేను ఆర్కెస్ట్రావాణ్ణి కదా, "కొట్టెయ్యరా, మళ్ళీ పాడు" అన్నాను. వాడు కత్తిరించాడు. విన్నాం. ఖాళీ శుభ్రంగా ఉంది, ఆసుపత్రి వరండాలా. వాడు ఏమీ అనకుండా కత్తిరించింది మళ్ళీ అతికించేశాడు.

శుక్రవారం పాట వచ్చింది. సాయంత్రం అరుగు మీద కూర్చున్న మా అమ్మకి వాడు ఫోన్ ఇచ్చాడు. ఫోన్ కాల్ అనుకుని ముందు "ఎవరూ?" అంది. తర్వాత చెవికి ఆనించుకుని వింది. మనవడి గొంతు పోల్చుకుందో లేదో తెలియదు, మొహంలో ఏ మార్పూ లేదు. రెండో చరణం అయింది. ఫోన్లో బల్లి పలికింది. మా అమ్మ చూపుడువేలు అరుగు మీద మూడుసార్లు తట్టి, "కృష్ణా, కృష్ణా" అనుకుంది.